మంచు తొలగిందా, గడ్డి మొలిచిందా? ఎత్తైన కొండల మీద ఉపగ్రహాల లెక్క

టిబెట్ పీఠభూమి మీద వసంతం ముందుకు జరుగుతోందా, వెనక్కి పోతోందా అన్న విషయం మీద పదిహేనేళ్ల కిందట శాస్త్రవేత్తల మధ్య పెద్ద పేచీయే నడిచింది. 2010లో అమెరికా జాతీయ సైన్స్ అకాడమీ పత్రికలో ఒక పరిశోధన వచ్చింది. 1982 నుంచి 2006 వరకు తీసిన ఉపగ్రహ చిత్రాలు చూస్తే అక్కడి పచ్చిక మొదట్లో ఏటేటా కాస్త ముందే చిగురిస్తూ వచ్చిందనీ, 1990ల మధ్య నుంచి మాత్రం వేడి పెరుగుతున్నా చిగురు ఆలస్యమవుతోందనీ అందులో రాశారు. కారణం కూడా చూపించారు. చలికాలం వెచ్చబడేసరికి మొక్కకు కావలసినంత చలి అందడం లేదు, అందుకే నిద్ర లేవడం లేటవుతోంది అన్నారు.

2013లో అదే పత్రికలో మరో బృందం ఈ మాటను కొట్టిపారేసింది. 1982 నుంచి 2011 దాకా చిగురు తేదీ ఏడాదికి సుమారు 1.04 రోజుల చొప్పున ముందుకు జరుగుతూనే ఉందని వీరి లెక్క. అంటే ముప్పై ఏళ్లలో దాదాపు నెల రోజులు. అది అచ్చయిన కొద్ది నెలలకే మూడో బృందం ఉత్తరం రాసింది: చివరి పదేళ్లలో చిగురు ముందుకు జరిగిందనడానికి ఆధారమే లేదు, పడమటి భాగంలో చలికాలపు మంచు తగ్గడం వల్ల అంకెలు అలా కనిపిస్తున్నాయి అని.

ఒకటే పీఠభూమి, ఒకటే గడ్డి. అందరూ వాడినవీ ఉపగ్రహ అంకెలే. అయినా ఒకరికి ఆలస్యం కనిపించింది, ఒకరికి తొందర కనిపించింది, ఇంకొకరికి ఏమీ కనిపించలేదు. వీరిలో ఎవరూ లెక్క తప్పు చేసేవాళ్లు కాదు. చిక్కంతా ఉపగ్రహం నిజంగా ఏం కొలుస్తుంది అన్న దగ్గరే ఉంది. హిమాలయాలు పచ్చబడుతున్నాయి, వసంతం వారం ముందే వచ్చేసింది లాంటి వార్తలు తరచూ వస్తున్న ఈ రోజుల్లో ఆ సంగతి తెలుసుకోవడం అవసరం.

రెండు కాంతులు, ఒక అంకె

పచ్చని ఆకులోని పత్రహరితం ఎర్ర కాంతిని బాగా పీల్చుకుంటుంది. మన కంటికి కనిపించని సమీప పరారుణ కాంతిని మాత్రం ఆకు లోపలి కణాల అమరిక వెనక్కి తిప్పికొడుతుంది. ఆకు ఎంత నిండుగా ఉంటే ఈ రెండింటి మధ్య తేడా అంత ఎక్కువ. సమీప పరారుణంలోంచి ఎరుపును తీసేసి, వచ్చిన దాన్ని ఆ రెండింటి మొత్తంతో భాగిస్తే ఎన్‌డీవీఐ అనే అంకె వస్తుంది. ఇది మైనస్ ఒకటి నుంచి ఒకటి దాకా ఉంటుంది. దట్టమైన పచ్చదనానికి 0.7, 0.8 వస్తాయి, ఎండు నేలకు 0.1 చుట్టుపక్కల వస్తుంది.

1972లో భూమిని చూసే అమెరికా ఉపగ్రహం మొదటి ల్యాండ్‌శాట్ ఎగిరిన తర్వాత అమెరికా మధ్య మైదానాల పచ్చిక మీద ఈ పద్ధతిని మొదట పరీక్షించారు. అసలు మలుపు మాత్రం వాతావరణ ఉపగ్రహాలతో వచ్చింది. అమెరికా నోవా ఉపగ్రహాల్లోని ఏవీహెచ్ఆర్ఆర్ పరికరాన్ని అమర్చింది మబ్బుల కోసం, సముద్రపు వేడి కోసం. నాసా శాస్త్రవేత్త కాంప్టన్ టకర్ వంటివారు అదే పరికరంతో భూమి మొత్తం పచ్చదనాన్ని రోజూ చూడొచ్చని గ్రహించారు. 1981 నుంచి నేటిదాకా తెగకుండా వస్తున్న అంకెల వరుసకు మూలం అదే. టిబెట్ వాదనలో వాడిన పాత సమాచారం కూడా అక్కడి నుంచి వచ్చిందే. అందులో చిత్రంలోని ఒక్కో గడి (పిక్సెల్) సుమారు 8 కిలోమీటర్ల వెడల్పు, పదిహేను రోజులకు ఒక విలువ. ఇప్పటి ఐరోపా ఉపగ్రహం సెంటినెల్-2 పది మీటర్ల గడిలో చూస్తుందని తలుచుకుంటే ఆ రోజుల్లో ఎంత మసక కళ్లద్దాలతో చూశారో తెలుస్తుంది.

మైదానంలో ఈ పద్ధతి దివ్యంగా పనిచేస్తుంది. గోదావరి డెల్టాలో నాట్లు పడ్డాక నీళ్ల మధ్య పైరు పైకి లేవడం, పొట్ట దశకు వచ్చేసరికి గీత శిఖరానికి చేరడం, కోతలకు దిగిపోవడం అన్నీ గ్రాఫులో తేటగా కనిపిస్తాయి. హైదరాబాద్‌లోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రానికి ఇది దశాబ్దాలుగా అలవాటైన పని. నాలుగు వేల మీటర్ల ఎత్తుకు వెళ్లేసరికి ఆ గీతకు అర్థమే మారిపోతుంది.

ఒక గడి లోపల

అంకెలు వేసి చూస్తే సంగతి తేలిగ్గా తెలుస్తుంది. ఏప్రిల్ నెల, ఒక కొండవాలు. నిరుటి ఎండుగడ్డి నేలకు అతుక్కుని ఉంది. దాని మీద పడ్డ ఎర్ర కాంతిలో 15 శాతం, సమీప పరారుణంలో 25 శాతం వెనక్కి వస్తున్నాయనుకుందాం. ఎన్‌డీవీఐ 0.25. పక్కనే మంచు. తెల్లటి మంచు ఎరుపులో 80 శాతం, పరారుణంలో 75 శాతం తిప్పికొడుతుందనుకుంటే దాని విలువ సున్నాకు కాస్త కింద, మైనస్ 0.03.

ఇప్పుడు ఒకే గడిలో సగం మంచు, సగం ఎండుగడ్డి ఉన్నాయి. రెండింటి కాంతిని కలిపి లెక్కేస్తే 0.03 దగ్గర ఆగుతుంది. వారం తర్వాత మంచు ఐదో వంతుకు తగ్గింది, విలువ 0.11. ఇంకో వారానికి మంచు పూర్తిగా పోయింది, విలువ 0.25. పదిహేను రోజుల్లో గీత నిటారుగా లేచింది. కంప్యూటర్ దాన్ని చిగురు కింద రాసుకుంటుంది. కానీ ఆ వాలు మీద ఒక్క కొత్త ఆకు కూడా రాలేదు. నిరుటి గడ్డి మీదున్న దుప్పటి తొలగింది, అంతే.

ఇక్కడ ఇంకో సంగతి గమనించాలి. సగం గడ్డి బయటపడినా అంకె దాదాపు సున్నా దగ్గరే ఉంది. మంచు బాగా మెరుస్తుంది కాబట్టి కొంచెం మిగిలినా గడి మొత్తాన్ని అదే ఏలేస్తుంది. పైగా కొండల్లో మంచు అంతటా ఒకేసారి పోదు. గాలి తగిలే గట్టు మీద ముందే తేలిపోతుంది, పక్కనున్న పల్లంలో వారాల తరబడి పేరుకుని ఉంటుంది. నాసా ఉపగ్రహాల్లోని మోడిస్ పరికరం చూసే 250 మీటర్ల గడిలో ఆ గట్టూ ఆ పల్లమూ కలిసే ఉంటాయి. గట్టు మీద పూలు పూస్తుంటే పల్లం ఇంకా మంచు కిందే ఉండొచ్చు. అలాంటి గడికి ఒకే చిగురు తేదీ రాయడమే ఒక రకంగా కల్పన.

టిబెట్ విషయంలో మొక్కల తీరు కూడా ఇబ్బందే. అక్కడ సుమారు నాలుగున్నర లక్షల చదరపు కిలోమీటర్ల మేర పరుచుకున్నది కోబ్రేషియా పిగ్మియా అనే తుంగజాతి గడ్డి. ప్రపంచంలోనే అతి పెద్ద ఎత్తైన కొండ పచ్చిక అది. దాని పొడవు రెండు నుంచి నాలుగు సెంటీమీటర్లు. యాక్‌లూ గొర్రెలూ ఎప్పటికప్పుడు కొరికేస్తుంటాయి. ఇంత పొట్టి గడ్డిలో వచ్చే మార్పును, మీద ఐదు సెంటీమీటర్ల మంచు పడితే కనుమరుగయ్యే మార్పును, ఏడెనిమిది వందల కిలోమీటర్ల ఎత్తు నుంచి పట్టాలి.

తేదీ ఎవరు నిర్ణయిస్తారు?

గీత వచ్చాక దాని మీద ఏ రోజును వసంతారంభం అనాలో తేల్చాలి. ఉపగ్రహం ఆ రోజు చెప్పదు, మనిషే నిర్ణయించుకోవాలి. కొందరు గీత కనిష్ఠం నుంచి గరిష్ఠానికి ఐదో వంతు ఎక్కిన రోజు తీసుకుంటారు. కొందరు సగం ఎక్కిన రోజంటారు. ఇంకొందరు వంపు అన్నిటికన్నా వేగంగా మారిన చోటు పట్టుకుంటారు. దానికి ముందే మబ్బుల వల్ల పడ్డ గుంటలను పూడ్చాలి, గీతను నునుపు చేయాలి. ఆ నునుపు చేసే సూత్రాలూ అరడజను ఉన్నాయి.

ఈ ఎంపికలు చిన్న విషయం కాదు. ఉత్తర అమెరికాకు సంబంధించిన 1982-2006 నాటి ఒకే సమాచారాన్ని పది పద్ధతుల్లో లెక్కేసి 2009లో పోల్చి చూశారు. సగటు తేదీల్లో తేడా అరవై రోజులు అటూ ఇటూ వచ్చింది. రెండు నెలలు! వసంతం రెండు మూడు రోజులు ముందుకొచ్చిందని చెప్పే పరిశోధనలను ఈ సంగతి పక్కన పెట్టుకుని చదవాలి. ఒకే పద్ధతిని అన్నేళ్లకూ వాడితే మార్పు దిశ కొంతవరకు నమ్మొచ్చన్నది నిజమే. కానీ కనిష్ఠం అనేది మంచు మీద ఆధారపడినప్పుడు, ఆ మంచే ఏళ్ల తరబడి తగ్గుతూ వస్తుంటే, కొలబద్ద ఒక చివర కుదించుకుపోతున్నట్టే. చలికాలపు విలువ పెరిగితే ఐదో వంతు గీత దాటే రోజు కూడా మారిపోతుంది, గడ్డిలో ఏ మార్పూ లేకపోయినా. టిబెట్ మీద ఉత్తరం రాసిన మూడో బృందం పట్టుకున్నది సరిగ్గా ఈ పాయింటే.

దీనికి తోడు పరికరాల గోల ఒకటి. 2001-2006 మధ్య పీఠభూమి పడమటి భాగానికి సంబంధించి ఏవీహెచ్ఆర్ఆర్ వరుసలో నాణ్యత బాగోలేదని తర్వాత తేలింది. ఫ్రాన్స్ ఉపగ్రహం స్పాట్, మోడిస్ చూపిస్తున్న దానికీ అది చూపిస్తున్న దానికీ పొంతన కుదరలేదు. 2010 నాటి ఆలస్యం సిద్ధాంతంలో పెద్ద భాగం ఆ చెడ్డ ఏళ్ల మీదే నిలబడింది. రెండో బృందం 2000 దాకా ఏవీహెచ్ఆర్ఆర్‌ను, ఆ తర్వాత స్పాట్‌ను అతికి వాడింది. అతుకు దగ్గర ఏ చిన్న తేడా ఉన్నా అది వాతావరణ మార్పు వేషంలో బయటికి వస్తుంది. మొక్కకు చలి చాలకపోవడం అనే వివరణ వినడానికి ఎంతో బాగుంది. అంతగా పేరు తెచ్చుకోవడానికి కారణం కూడా అదే కావచ్చు. జీవశాస్త్రంలో దానికి చోటు లేకపోలేదు. కానీ సెన్సర్ లోపాన్ని మొక్క స్వభావంగా చదివే ప్రమాదం ఎంత దగ్గర్లో ఉంటుందో ఈ కథ చూపిస్తుంది.

మన వైపు హిమాలయం: మబ్బు, నీడ

టిబెట్‌లో కనీసం ఆకాశం కొంత తేటగా ఉంటుంది. ఉత్తరాఖండ్, సిక్కిం, అరుణాచల్ వైపు కష్టం వేరు. ఇక్కడ పచ్చిక జోరుగా పెరిగేది జులై, ఆగస్టుల్లో. రుతుపవనాల మబ్బులు కొండలను కప్పేసేది కూడా అప్పుడే. గఢ్వాల్, కుమావూ ప్రాంతాల్లో బుగ్యాల్ అని పిలిచే పచ్చిక బయళ్లు నిండుగా ఉన్న రోజుల్లోనే ఉపగ్రహానికి అవి కనిపించవు. వసంతంలో కొన్ని మంచి చిత్రాలు, శరత్తులో మరికొన్ని దొరుకుతాయి. నడుమ ఉన్నదంతా గణితంతో గీసిన గీత.

ఇక నీడ. భూమిని చూసే ఉపగ్రహాలు చాలావరకు ఉదయం పదిన్నర ప్రాంతంలో తల మీదుగా వెళ్తాయి. ఆ వేళకు సూర్యుడు ఆగ్నేయాన ఉంటాడు. వాయవ్యం వైపు తిరిగిన నిటారు వాలులు నీడలో ఉంటాయి. శీతకాలంలో మరీనూ. ఎన్‌డీవీఐ నిష్పత్తి కాబట్టి వెలుతురు తేడా కొంత రద్దయిపోతుంది, కానీ నీడలో పడేది ఆకాశం నుంచి చెదిరి వచ్చే కాంతి. దాని రంగుల పాళ్లే వేరు. కొండ ఎత్తుపల్లాల పటంతో దీన్ని సరిదిద్దుతారు. మన కార్టోశాట్-1 ఉపగ్రహం రెండు కోణాల్లో తీసిన స్టీరియో చిత్రాల నుంచి తయారైన పటం అలాంటి పనులకు ఉపయోగపడుతుంది.

ఈ పనిలో మన దేశానిది ప్రేక్షక పాత్ర కాదు. శ్రీహరికోట నుంచి 2011లో రిసోర్స్‌శాట్-2, 2016లో 2ఏ ఎగిరాయి. వాటిలోని ఏవైఫ్స్ కెమెరా 740 కిలోమీటర్ల వెడల్పును 56 మీటర్ల గడుల్లో చూస్తుంది, ఐదు రోజులకోసారి అదే చోటికి వస్తుంది. ఆ సమాచారం దిగేది హైదరాబాద్ పక్కన షాద్‌నగర్‌లో. ఏవైఫ్స్‌కు షార్ట్‌వేవ్ పరారుణ పట్టీ, అంటే సమీప పరారుణం కన్నా పొడవైన తరంగాల కాంతిని చూసే ఏర్పాటు, కూడా ఉండటం కొండల విషయంలో పెద్ద లాభం. కంటికి తెల్లగా మెరిసే మంచు ఆ పట్టీలో నల్లగా కనిపిస్తుంది, మబ్బు మాత్రం తెల్లగానే ఉంటుంది. మంచునూ మబ్బునూ విడదీసే కీలకం ఇదే. ఈ పట్టీని కూడా లెక్కలోకి తీసుకుని, మంచు కరగడాన్ని చిగురుగా పొరబడకుండా ఉండే కొత్త సూచికలు 2010ల్లో వచ్చాయి. ఎన్‌డీవీఐ ఒక్కదాన్నే నమ్ముకోవడం కన్నా అవి ఎంతో నయం.

2025 జులై 30న శ్రీహరికోట నుంచే వెళ్లిన నైసార్ రాడార్ ఉపగ్రహం మబ్బులను దాటి చూడగలదు. దాని మీద ఆశలు చాలా ఉన్నాయి. అడవుల విషయంలో ఆ ఆశలు సబబే. నాలుగు సెంటీమీటర్ల గడ్డి విషయంలో కాదు, పొడవాటి రాడార్ తరంగాలకు అంత పొట్టి ఆకు పెద్ద అడ్డు కాదు. ఏటవాలు కొండల్లో రాడార్ చిత్రం వంకర్లు కూడా తిరుగుతుంది. అయితే మంచు తడిసి కరగడం మొదలైన రోజును రాడార్ బాగా పట్టగలదు. ఐరోపా సెంటినెల్-1తో ఆ పని జరుగుతూనే ఉంది. మంచు తేదీ విడిగా, చిగురు తేదీ విడిగా తెలిస్తే సగం గొడవ తీరుతుంది.

నేల మీద ఒక కన్ను

ఆ రెండో తేదీ నమ్మకంగా తెలియాలంటే నేల మీద ఎవరో ఒకరు ఉండాలి, లేదా ఏదో ఒకటి ఉండాలి. స్విట్జర్లాండ్‌లో ఇందుకు గమ్మత్తైన ఆధారం దొరికింది. మంచుచరియల హెచ్చరికల కోసం అక్కడి కొండల మీద స్తంభాలు పాతి, పై నుంచి అల్ట్రాసౌండ్ శబ్దం పంపి మంచు ఎంత మందాన ఉందో కొలిచే పరికరాలు పెట్టారు. మంచు పూర్తిగా పోయాక కూడా వేసవిలో ఆ అంకె మళ్లీ మెల్లగా పెరుగుతోంది. అది గడ్డి ఎత్తు! 2008లో ఒక బృందం ఈ వృథా అంకెలనే ఏరుకుని, ఏ ఏడు మంచు ఏ రోజున పోయింది, ఆ తర్వాత ఎన్నాళ్లకు గడ్డి లేచింది అన్నది ఏళ్ల తరబడి లెక్క కట్టింది. ఇటలీలోని టోర్న్యోన్ దగ్గర రెండు వేల మీటర్ల పైచిలుకు ఎత్తులో పచ్చిక వైపు తిప్పి పెట్టిన మామూలు డిజిటల్ కెమెరా కూడా ఇలాంటి పనే చేస్తోంది. రోజూ ఫొటో తీస్తే చాలు, ఉపగ్రహం చెప్పిన తేదీ ఎంత దూరంలో ఉందో తెలిసిపోతుంది. హిమాలయాల విస్తీర్ణంతో పోలిస్తే అలాంటి కళ్లు చాలా తక్కువ. ఖరీదైన ఉపగ్రహాలు బోలెడు ఉన్నాయి గానీ చవకైన కెమెరాలు లేవు.

ఇంతా చెప్పి ఉపగ్రహాలను నమ్మొద్దని తేల్చితే అది అన్యాయం. తేదీల విషయంలో తడబడే అవే ఉపగ్రహాలు విస్తీర్ణం విషయంలో చాలా గట్టిగా మాట్లాడగలవు. బ్రిటన్‌లోని ఎక్సెటర్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 1993 నుంచి 2018 దాకా ల్యాండ్‌శాట్ చిత్రాలతో హిందూకుష్ హిమాలయాల్లో చెట్ల హద్దుకూ శాశ్వత మంచుకూ మధ్య ఉన్న పట్టీని పరిశీలించారు. మొక్కలున్న ప్రాంతం పెరిగింది. ఆ పెరుగుదల అన్నిటికన్నా స్పష్టంగా ఉన్నది 5,000 నుంచి 5,500 మీటర్ల మధ్య. హిమానీనదాలు ఆక్రమించిన స్థలానికి ఐదు నుంచి పదిహేను రెట్ల విస్తీర్ణం ఈ పట్టీది. అయినా దాని గురించి మాట్లాడేవాళ్లు తక్కువ. కొత్తగా వచ్చిన మొక్కలు నీటిని పట్టి ఉంచుతాయా, త్వరగా ఆవిరి చేసేస్తాయా అన్నది గంగ, సింధు, బ్రహ్మపుత్ర నదుల ఎగువన తేలాల్సిన ప్రశ్న.

ఆల్ప్స్ మీద 2022లో సైన్స్ పత్రికలో వచ్చిన పరిశోధన ఇంకా కళ్లు తెరిపించేది. 1984 నుంచి 2021 వరకు చూస్తే చెట్ల హద్దు పైనున్న ప్రాంతంలో 77 శాతం మరింత పచ్చబడింది. మంచు కప్పు చెప్పుకోదగ్గంతగా తగ్గింది మాత్రం పది శాతం కన్నా తక్కువ చోట్ల. మంచు కరుగుదలనే పచ్చదనంగా చదివేశారనే ఆక్షేపణకు ఇక్కడ పెద్దగా చోటు లేదు.

ముందుగా మొలిస్తే లాభమేనా?

పచ్చదనం ముందుగా వచ్చిందంటే మంచిదే అనిపిస్తుంది. గొర్రెల కాపరికి నాలుగు రోజులు ఎక్కువ మేత దొరికినట్టే కదా. అమెరికాలోని కొలరాడో కొండల్లో సుమారు 2,900 మీటర్ల ఎత్తున ఉన్న రాకీ మౌంటెన్ జీవశాస్త్ర పరిశోధనాలయంలో డేవిడ్ ఇనూయే 1970ల నుంచి మొక్కలను లెక్కపెడుతూ వచ్చారు. పొద్దుతిరుగుడు కుటుంబానికి చెందిన ఒక అడవి పూలమొక్కలో 1992-98 మధ్య ఏటా సగటున మూడో వంతుకు కాస్త ఎక్కువ మొగ్గలు గడ్డకట్టే చలికి మాడిపోయేవి. 1999-2006 మధ్య అది దాదాపు నాలుగింట మూడు వంతులకు చేరింది. వాతావరణం వెచ్చబడుతుంటే మొగ్గలు చలికి చావడమేమిటి? మంచు ముందుగా కరిగిపోవడం వల్ల మొక్క ముందుగా మొగ్గ తొడిగింది. జూన్‌లో వచ్చే గడ్డకట్టే రాత్రులు మాత్రం మునుపటిలాగే వచ్చాయి.

ఉపగ్రహానికి ఇదంతా ముందుగా వచ్చిన వసంతంగానే కనిపిస్తుంది. ఆకులు పచ్చగానే ఉంటాయి, మాడిన మొగ్గల సంగతి గడిలో నమోదు కాదు.

తూర్పు, పడమరలను బట్టి కూడా లెక్క మారుతుంది. టిబెట్ నైరుతి భాగంలాంటి పొడి చోట్ల వేడి పెరిగినా వాన పడేదాకా గడ్డి కదలదు. అక్కడ చిగురు తేదీని ఉష్ణోగ్రతతో ముడిపెడితే ఏమీ తేలదు. పీఠభూమి మొత్తానికి ఒకే సగటు వేసి ముందుకా, వెనక్కా అని అడగడమే మొదటి చిక్కు. 2010, 2013 నాటి వాదన అంతా ఆ ఒక్క సగటు చుట్టూనే తిరిగింది.

ఇప్పుడు ఇంకో అతుకు పడుతోంది. 1999 డిసెంబరులో ఎగిరి, మోడిస్ పరికరాన్ని మోస్తూ ఈ రంగంలో ఎక్కువమంది ఆధారపడిన టెర్రా ఉపగ్రహం ఇంధనం అడుగంటడంతో 2020 తర్వాత తన కక్ష్య వేళను సరిదిద్దుకోవడం మానేసింది. ఇరవై ఏళ్లు దాదాపు పదిన్నరకే దాటిన ఉపగ్రహం ఏటా కొంచెం కొంచెం ముందు వేళకు జరుగుతోంది. కొండల్లో వేళ మారిందంటే నీడ పొడవు మారినట్టే, నీడ మారితే అంకె మారుతుంది. దాని చోటును తీసుకుంటున్న వియిర్స్ పరికరం మధ్యాహ్నం ఒంటిగంటన్నర ప్రాంతంలో చూస్తుంది. హిమాలయాల్లో ఆ వేళకు మబ్బులు మరింత కమ్ముకుంటాయి. 2020ల మొదట్లో కొండల వసంతం హఠాత్తుగా దారి మార్చిందని చెప్పే పరిశోధన రేపు వస్తే, అందులో ముందుగా వెతకాల్సింది ఆ అంకెలు టెర్రావా, వియిర్స్‌వా, రెండూ కలిపి అతికినవా అన్నదే.